ఏడో బేస్

నా దగ్గర ఆరు బేస్ గిటార్లు ఉండేవి. ఏడోదాని కోసం ఇరవై ఏళ్లు కాచుకుని కూర్చున్నాను.

ఇవి షాపులో కొన్న సరుకు కాదు. మోండా మార్కెట్ వెనక సందులో బ్రహ్మచారి అనే వడ్రంగి డెబ్భై ఐదులో చేత్తో చేసినవి. అప్పట్లో ఫారిన్ బేస్ కొనాలంటే ఇల్లు అమ్ముకోవలసిందే. పెళ్లిళ్లలోనూ క్లబ్బుల్లోనూ వాయించే ఏడుగురు కుర్రాళ్లు ఒక ఫొటో పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లారు. మంచాలూ బెంచీలూ చేసుకునే మనిషి ఆ ఫొటో చూసి ఏడు బేసులు చేశాడు. ఏడూ నల్ల రంగువే, ఏడూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఆ తర్వాత ఆయన మళ్లీ మంచాలకు వెళ్లిపోయాడు.

ఆ ఏడుగురిలో నేను లేను. నేను రిచర్డ్‌ని, రైల్వే ఆఫీసులో గుమాస్తాని. ఏదో చర్చిలో నాలుగు పాటలు వాయించగలనుగానీ చెప్పుకోదగ్గ చెయ్యి కాదు. వాయించడం రానివాడికే కొనే పిచ్చి ఎక్కువ. ఒకడు బ్యాండు మానేశాడని, ఇంకొకడు ఊరు వదిలేస్తున్నాడని తెలిస్తే చాలు, వాళ్ల గుమ్మంలో వాలేవాణ్ణి. అలా ఆరు పోగేశాను. ఏది ఎంత బరువు, ఏ మెడ ఎంత మందం, లావు తీగ మీటితే ఎన్ని సెకన్లు మోగుతుంది, అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకునేవాణ్ణి. "ఆరూ ఒకేలా డుమ్ముమంటున్నాయి, ఇంకా ఏం పోలుస్తారండీ" అనేది నా భార్య ప్రేమమణి. నీకు చెవి లేదని ఆమె నోరు మూయించేవాణ్ణి.

ఏడోది ఆ కుర్రాళ్లలో ఒకడైన లూకాది. దాని చప్పుడు వేరు. నా ఆరూ మీటగానే గంటలాగా ఖంగుమని, ఆగమన్నా ఆగవు. లూకాది గుండ్రంగా, వెచ్చగా పలికి ఊరుకునేది. కడుపు నిండిన మనిషి తీరిగ్గా ఒక మాట అని ఊరుకున్నట్టుండేది. చర్చిలో అతను వాయిస్తుంటే నేను పాట వినేవాణ్ణి కాదు, దాన్నే వినేవాణ్ణి. అమ్మమని ఎన్నిసార్లు అడిగినా నవ్వి "నేను పోయాక డోరాని అడుగు" అనేవాడు. తొంభై ఏడులో గుండె ఆగి పోయాడు. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, సమాధి మీద మట్టి వేస్తుంటే నేను ఆ బేస్ గురించే ఆలోచించాను.

డోరా అక్క లూకా భార్య. మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయింది. బన్సీలాల్‌పేట్‌లో ఉంటుంది. షుగర్ వల్ల కళ్లు దాదాపు పోయాయి. మనిషి ఆకారం తెలుస్తుంది తప్ప మొహం తెలియదు. సాయంత్రం ప్రార్థన అయ్యాక స్పీకర్ పెట్టె స్విచ్ వేసి, బేస్ లావు తీగని బొటనవేలితో ఒక్కసారి మీటుకునేది. "ఆయన పలికినట్టే ఉంటుంది రిచర్డూ" అంది ఒకసారి.

నేను అడిగింది అమ్మమని కాదు. పదిహేను రోజులు ఇవ్వమన్నాను, పక్కన పెట్టుకుని పోల్చి చూసుకుంటానని. వారం ఆలోచించి ఒప్పుకుంది.

"ఆయన జ్ఞాపకార్థ కూడికకి తెచ్చేయి. ఆ రోజు దాని మీద నువ్వే వాయించు. ఏడాది నుంచి ఒక్క తీగ చప్పుడుతో సరిపెట్టుకుంటున్నాను. ఒక్క పాట, మొత్తం పాట, ఆయన చప్పుడుతో వినాలి. ఇంకేం వద్దు నాకు."

"ఒట్టు అక్కా" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం, చర్చి నుంచి వచ్చి భోజనం కూడా చెయ్యకుండా, ఏడింటినీ గోడకి వరసగా ఆనించాను. లూకాది గంటసేపు వాయించాను. నా చేతికింద కూడా అలాగే పలికింది. కళ్లల్లో నీళ్లు వచ్చాయి. అంతటితో బుద్ధిగా ఊరుకుంటే నేను రిచర్డ్‌ని ఎందుకవుతాను? పోలిక న్యాయంగా ఉండాలి కదా! అన్నిటికీ ఒకే యాంప్లిఫయర్, ఒకే వాల్యూమ్, ఒకేలాంటి తీగలు. నా ఆరింటికీ బొంబాయి నుంచి తెప్పించిన కొత్త తీగలున్నాయి. లూకా తీగలు నల్లబడి, తుప్పు పట్టి, ముట్టుకుంటే గరుకుగా ఉన్నాయి. బిరడాలకు బిగుసుకుపోయి ఊడి రాలేదు. కటింగ్ ప్లేయర్ తెచ్చి నాలుగూ కత్తిరించాను. ముక్కలు పేపర్లో చుట్టి చెత్తబుట్టలో వేశాను. మర్నాడు పొద్దున్నే మున్సిపాలిటీ బండి వచ్చి పట్టుకుపోయింది.

ఆ మధ్యాహ్నమే కొత్త తీగలు బిగించి మీటాను. ఖంగుమంది. అచ్చం నా ఆరింటిలాగే.

మొదట నాకు సంతోషం వేసింది. నావి ఏమీ తీసిపోలేదని! పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఆ తర్వాత మళ్లీ మీటాను. స్క్రూలు తిప్పాను, నాబ్‌లు తిప్పాను, మెత్తగా మీటాను, గట్టిగా మీటాను. సాయంత్రానికి కూడా ఖంగుమంటూనే ఉంది. ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు.

తెల్లారి బ్రహ్మచారి దగ్గరికి పరిగెత్తాను. ముసలివాడైపోయాడుగానీ ఇంకా ఉలి పట్టుకునే ఉన్నాడు.

"ఏందీ సార్, గిట్ల పరేషాన్ల ఉన్నవ్?"

"లూకా బేస్‌కి ఏ కర్ర వేశావు బ్రహ్మచారీ?"

"ఏడింటికి ఒక్కటే టేకు. రెజిమెంటల్ బజార్ల పాత బంగ్లా కూలగొడితే దర్వాజలు కొన్న. గా దర్వాజలల్లకెళ్లి ఏడు సుత తీసిన. నా చేతిల ఏం ఫరక్ లేదు."

"మరి దాని చప్పుడు వేరుగా ఎందుకుండేది?"

ఆయన నా మొహంలోకి చూశాడు. "తీగలు మార్చినవా సార్?"

తల ఊపాను.

ఉలి కింద పెట్టాడు. "లూకా సార్ ఒక్కసారి సుత మార్చలే. షురూల దొరకక మార్చలే, దొరికినంక సుత మార్చలే. ఇరవై రెండేండ్ల చెమట పట్టినయ్ గవి. చప్పుడు నా కర్రల లేదు సార్. గా తీగలల్ల ఉండె. యాడ పెట్టినవ్?"

నాకప్పుడు గుర్తొచ్చింది లూకా ఒక్కడే కాదు. ఆరు బేసులు కొన్నాను. ఇంటికి తెచ్చిన ప్రతిసారీ చేసిన మొదటి పని పాత తీగలు పీకేసి కొత్తవి వెయ్యడమే. ఆరుగురు మనుషుల చేతులు చెత్తబండికి ఇచ్చేసి, మిగిలిన కర్రముక్కలను పోలుస్తూ ఇరవై ఏళ్లు కూర్చున్నాను. ప్రేమమణికి చెవి లేదట!

చెత్త ఊడ్చే దేవమ్మని బతిమాలాను. "గది ఎప్పుడో పోయింది సారూ, యాడని దేవులాడాలె?" అంది. వేరే బేస్ వాయించేవాళ్ల ఇళ్లకు పాత తీగల కోసం తిరిగాను. అందరూ కీబోర్డులకు మారిపోయారు. కొత్త తీగలను ఉప్పునీళ్లలో నానబెట్టాను, నూనె రాశాను, అరచేతుల్లో పెట్టి గంటల తరబడి రుద్దాను. తుప్పు పట్టి గీరుమన్నాయి తప్ప మెత్తబడలేదు. మళ్లీ కొత్తవే వేశాను. పది రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

"ఇరవై రెండేండ్ల చెమట పది దినాలల్ల యాడికెళ్లి తెస్తవ్ సార్?" అన్నాడు బ్రహ్మచారి, జాలిగానే.

కూడిక శనివారం సాయంత్రం. అక్క ఇంట్లో ముప్ఫై మంది ఉన్నారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక నేను వాయించాను. అక్క కుర్చీ చేతిమీద వేళ్లతో తాళం వెయ్యడం మొదలుపెట్టింది. మొదటి చరణం సగంలో ఆ వేళ్లు ఆగిపోయాయి. పాట అయ్యాక నలుగురు వచ్చి నా భుజం తట్టి "అచ్చం లూకా వాయించినట్టే ఉంది" అన్నారు. భూమిలోకి కుంగిపోయాను.

అందరూ పులావు తిని వెళ్లాక అక్క నన్ను కూర్చోమంది.

"ఇది ఆయనది కాదు."

"ఆయనదే అక్కా."

"నాకు కళ్లు పోయాయిగానీ చెవులు పోలేదు." బేస్‌ని ఒళ్లోకి లాక్కుని తీగల మీద వేళ్లు పోనిచ్చింది. "ఇవి నున్నగా ఉన్నాయి. ఆయనవి గరుకు. నీ ఆరింట్లోదొకటి తెచ్చి నా మొహాన కొట్టావు. ఆయనది ఉంచేసుకున్నావు."

తీగలు మార్చుకునే వస్తువులని ఆమెకు తెలియదు. లూకా ఎప్పుడూ మార్చలేదు మరి. నిజం చెప్పడానికి అదే సమయం. నేను మాత్రం "రేపు మిగతావీ తెస్తానక్కా, నువ్వే విని తీసుకో" అన్నాను. ఒక్క రోజు గడిస్తే చాలనిపించింది.

మర్నాడు ఆరూ ఆటోలో వేసుకుని వెళ్లాను. ఒక్కొక్కటీ ఒళ్లో పెట్టాను. ఆమె బొటనవేలితో మీటి, చెవి ఒగ్గి విని, పక్కకి నెట్టేసింది. లూకాదీ అలాగే నెట్టేసింది. నేను ఇరవై ఏళ్లు చేసిన పని ఆమె పావుగంటలో ముగించింది.

"ఏడూ ఒకటే" అంది. "ఆయనది ఇందులో లేదు. ఏం చేశావు దాన్ని? అమ్మేశావా? విరగ్గొట్టావా? ఒక్క మాట చెప్పు రిచర్డూ. అది ఉందా, లేదా?"

ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. లేదని చెబితే లూకా చప్పుడు ఈ లోకంలో ఎక్కడా లేదని ఆమె ఈ పూటే తెలుసుకోవాలి. ఉందని చెబితే నేను దొంగని, కానీ ఆ చప్పుడు మా ఇంట్లో ఒక గోడ పక్కన భద్రంగా ఉంటుంది. జాలిపడ్డానో, పిరికివాణ్ణయ్యానో ఇప్పటికీ నాకు తెలియదు.

"ఉందక్కా" అన్నాను. "నా దగ్గరే ఉంది."

ఆమె ఊపిరి వదిలింది.

"ఇవన్నీ నీవే. నా ఇంట్లో ఒక్కటి కూడా ఉంచొద్దు, తీసుకుపో."

ఒక్కొక్కటీ మోసుకెళ్లి ఆటోలో పేర్చాను. లూకాది ఆఖరున పట్టుకున్నాను. అక్క వద్దనలేదు, తడిమి చూడలేదు. గోడ పట్టుకుని గుమ్మందాకా వచ్చింది.

"నీకు బుద్ధొచ్చినప్పుడు తెచ్చివ్వు. అందాకా దాన్ని ఊరికే పడెయ్యకు, అప్పుడప్పుడు మోగిస్తూ ఉండు. నాకు వినపడకపోయినా ఫరవాలేదు."

"అలాగే అక్కా" అన్నాను.