ఉల్లిగడ్డ సూపు

పెళ్లిళ్లకు బిర్యానీ వండే రసూల్ బీ నిరుడు పుదుచ్చేరి వెళ్లినప్పుడు ఒక ఫ్రెంచి హోటల్లో ఉల్లిగడ్డ సూపు తాగింది. ఏడాదంతా దాని ముచ్చటే చెప్పింది. అలాంటి హోటల్ మారేడ్‌పల్లిలోనూ తెరిచారని తెలిసి, భర్త దస్తగిరి ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాడు.

"దీంట్ల షరాబ్ గిట్ల పొయ్యలే గదా?" అని సూపు తెచ్చిన పిల్లగాణ్ని అడిగి, లేదన్నాకే రసూల్ బీ చెంచా ముంచింది.

"ఎట్లుంది?" అన్నాడు దస్తగిరి.

"మంచిగనే ఉంది. ఉల్లిగడ్డనే జెర తొందరల వేగింది."

అటుగా వచ్చిన షెఫ్ కల్పలత ఆ మాట విని నవ్వేసింది. "నిజమే అమ్మా, ఇయ్యాల గిరాకీ ఎక్కువుందని మంట పెంచిన. మీకెట్ల తెలిసింది?"

"నలభై ఏండ్ల సంది ఉల్లిగడ్డలే వేపుతున్న బిడ్డా!"

కల్పలత ఆమెను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లింది. రసూల్ బీ కొంగు బిగించి, సన్నటి మంట మీద ముప్పావుగంట గరిటె తిప్పింది. ఉల్లిగడ్డలు తేనెరంగు తేలాక కల్పలత సూపు కాచి, పైన రొట్టెముక్క, చీజ్ వేసి కాల్చింది. ఇద్దరూ పొయ్యి పక్కనే నిలబడి, ఊదుకుంటూ తాగి, ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు.

"నా సంగతేంది?" అంటూ దస్తగిరి వంటింటి గుమ్మంలోకొచ్చాడు, చేతిలో చెంచాతో.