రెండోసారి మోగిన గంట

తోర్రెవెంతో రేవులోని కెథెడ్రల్ గంట నిజానికి ఆ ఊరిది కాదు. వెనకటి తరాలవాళ్లు పొరుగు రేవు మోంతేసాలెను దోచి, దాన్ని పడవలో వేసుకొచ్చారు. ఆ పాపం కడుక్కోవడానికి, ఏటా పునీతుడి పండుగనాడు మోంతేసాలె మనిషి ఒకరు వచ్చి ఆ గంటను ఒక్కసారి మోగించాలి. అప్పుడు తోర్రెవెంతో వాళ్లంతా తలవంచి నిలబడాలి.

ఈ ఏడు ఎవరూ రాలేదు. మోంతేసాలెలో మిగిలిన ఆఖరి ముసలాయన చలికాలంలోనే పోయాడు.

అందరి కళ్లూ ఇమ్మకొలాతా మీద పడ్డాయి. ఆమె పుట్టింది అక్కడే. ఈ ఊరి కోడలై జుట్టు నెరిసిపోయినా, చేపల పులుసు వండిన ప్రతిసారీ ఆడపడుచు తెరెజీనా "పరాయి ఊరి చెయ్యి, ఉప్పు పాళ్లు తెలిసి చావవు" అని దెప్పుతూనే ఉంది.

"వెళ్లు వదినా, మీ ఊరి గంటేగా," అంది తెరెజీనా.

"ఈ ఊరిదాన్నేనని ఇన్నాళ్లూ మొత్తుకుంటే విన్నావా? ఇవాళ పనిబడేసరికి మా ఊరు గుర్తొచ్చిందా?"

"మోగకపోతే ఊరికి అరిష్టం. నీ కాళ్లు పట్టుకోమంటావా?"

ఇమ్మకొలాతా విసురుగా వెళ్లి తాడు లాగింది. గంట ఖంగుమంది. గుడినిండా తలలు వంగాయి, తెరెజీనా తలతో సహా. అది చూసి ఇమ్మకొలాతా తాడు వదల్లేదు. మళ్లీ లాగింది.

"ఆచారం ఒక్కసారేనమ్మా," అన్నాడు ఫాదర్ గాబరాగా.

"మొదటిది మా ఊరికి, ఫాదర్. ఇది నాకు."

అప్పుడే ఎత్తబోతున్న తలను తెరెజీనా మళ్లీ వంచింది.