కుప్ప చల్లారేదాకా

"చేతులు కడిగావా?"

అత్తగారు సంపూర్ణమ్మ ఆ మాట అడగడం పొద్దుటినుంచీ అది నాలుగోసారి. జీవరత్నం కడిగింది. బూడిదతో ఒకసారి, ఎర్రసబ్బుతో రెండుసార్లు, గోళ్ళ సందులు కొబ్బరిపీచుతో తోమి మరీ కడిగింది. అయినా అన్నం గిన్నె మీద చెయ్యి వెయ్యబోతే "ఉండు, నేను పెడతాలే" అని ఆవిడ గరిటె లాక్కుంది. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో వండేది జీవరత్నం, వడ్డించేది అత్తగారు. వంటకి పనికొచ్చిన చేతులు వడ్డనకి ఎందుకు పనికిరావో అడుగుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. అడిగితే ఇంట్లో గొడవ, గొడవైతే మొగుడు అన్నం మానేసి వీధిలోకి పోవడం, దానికి మళ్ళీ తనే దోషి కావడం. అంత చాకిరీ ఎవరు చేస్తారని ఊరుకుంది.

దొడ్లో ఎరువుకుప్ప వెలిసినప్పటినుంచీ ఇదే వరస. అది డెబ్బయి నాలుగో సంవత్సరం. యూరియా బస్తా కోసం రైతులు సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి చెట్టుకింద కునుకు తీసే రోజులు. బెజవాడ మురుగునీళ్ళు ఎండగా మిగిలిన మడ్డిని గడ్డితో, ఆకుతో కలిపి మాగేస్తే మంచి ఎరువవుతుందని పైనుంచి కాగితం వచ్చింది. వ్యవసాయశాఖ ఆఫీసులో ఫీల్డుమేను ఉద్యోగం చేసే ఆమె మొగుడు సొలొమోను "పామర్రులో మా దొడ్లోనే చేసి చూపిస్తానండీ" అని అందరికంటే ముందు లేచాడు. చూపిస్తానన్నది ఆయన. చేసింది జీవరత్నం.

"మా అమ్మమ్మ పాకీదొడ్లు ఎత్తి తట్టల్లో నెత్తిన మోసింది దీన్నే. నేను చదువుకుంది మళ్ళీ దాన్ని ముట్టుకోడానికా?" అన్నాడు మొదటి మడ్డి లారీ వచ్చిననాడు. ఆ మాటలో నొప్పి ఉంది. జీవరత్నానికి అది తెలుసు, తన పుట్టింట్లోనూ అలాంటి అమ్మమ్మే ఉంది. ఆ నొప్పి చూసే పార అందుకుంది. తనూ ఆయన చదివిన మిషను బడిలోనే ఎస్సెల్సీ దాకా చదివిన సంగతి ఆయనకి గుర్తు రాలేదు, జాలిలో పడి తనకీ గుర్తు రాలేదు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. కూడబలుక్కుని చదివి, మీటింగుల్లో మొగుడు చెప్పుకోడానికి తెలుగులో రాసిచ్చింది కూడా తనే. కుప్ప నూతికి దూరంగా, మెరకమీద ఉండాలి. వాన తగలకుండా తాటాకులు కప్పాలి. వారానికోసారి లోపలిది పైకి, పైది లోపలికి తిరగెయ్యాలి. పచ్చిది ఎత్తిన పార పండినదాన్ని తాకకూడదు. ఇనప చువ్వ గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకుంటే మొదట్లో చెయ్యి కాలాలి. ఆ వేడికే రోగాల పురుగులు చస్తాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు తిరగేసినా ఇక వేడెక్కకుండా చల్లారిపోవాలి. అప్పుడే అది ఎరువు. సొలొమోను ఇదంతా ఊరూరా గడగడా అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకునేవాడు. ఇంట్లో జీవరత్నం పార దించి లోపలికొస్తుంటే ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకునేవాడు, మంచం వరండాలోకి మార్చుకున్నాడు.

పోయినవారం కుప్ప చల్లారింది. నల్లగా, పొడిపొడిగా, తొలకరి మట్టి వాసనతో ఉన్న ఎరువుని గుప్పిట్లోకి తీసుకుని జీవరత్నం చాలాసేపు చూసుకుంది. తను చేసిన వస్తువొకటి ఈ భూమ్మీద ఉందని గర్వపడింది, ఆ గర్వం ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. నాన్న జ్ఞాపకార్థ కూటానికి చల్లపల్లి వెళ్ళి నాలుగు రోజులుండి రాత్రి బస్సుకి తిరిగొచ్చింది. ఈ పొద్దున చూస్తే కుప్ప మోకాలెత్తు పెరిగి ఉంది. చువ్వ గుచ్చి తీసింది. చురుక్కుమంది.

చేత్తో పైపొర తోసి చూస్తే లోపల జిగటగా ముద్దలు, గుప్పుమని పచ్చి కంపు.

"రెండో లారీ వచ్చింది. ఉన్నది ఇరవై బస్తాలకి మించదు, ఆఫీసరుగారితో నలభై అన్నాను. అందుకని కలిపించాను," అన్నాడు సొలొమోను, షర్టు బొత్తాలు పెట్టుకుంటూ. "రేపు పదింటికి ఆయన జీపులో వస్తారు. కూరలు పండించుకునే ఆడవాళ్ళకి పంచిపెడతాం. సాయంత్రానికల్లా బస్తాలకెత్తెయ్."

"చువ్వ కాలుతోందండీ."

"మంచిదేగా! బాగా పండిందన్నమాట."

జీవరత్నం ఆయన మొహం కేసి చూసింది. హాస్యానికనడం లేదు. నాలుగు నెలలుగా పదిమందికి చెప్పిన పాఠం ఆయన చెవుల్లోకే వెళ్ళలేదు.

"కాలితే పచ్చిదని. పచ్చిది తగిలిందంతా పచ్చిదే, మొదటిది కూడా పాడయ్యింది. వాళ్ళు కొత్తిమీరకీ ముల్లంగికీ వేస్తారు. చంకన పిల్లల్ని పెట్టుకుని ఒట్టి చేతుల్తో జల్లుతారు."

"వాళ్ళే అడగట్లేదు, కందకి లేని దురద కత్తిపీటకెందుకే? కడుక్కుని తింటారులే."

"మూడుసార్లు కడిగినా నా చేత్తో అన్నం పెట్టనివ్వరు మీరు. వాళ్ళు మాత్రం కడుక్కుని తినెయ్యొచ్చా?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. సొలొమోను చెప్పులేసుకుని, "నీ చేత కాకపోతే కూలీల్ని పెట్టి ఎత్తిస్తా. నా ప్రమోషనుకి అడ్డం పడకు," అని సైకిలెక్కాడు.

అన్నంతపనీ చేశాడు. మర్నాడు పదింటికి దొడ్లో నలభై బస్తాలు కుట్టి వరసగా ఉన్నాయి. ఇరవైమంది ఆడవాళ్ళు గోడవారన కూర్చున్నారు. అందరికన్నా ముందు మార్త, కాలవగట్టున కూరలు పెంచి బజార్లో అమ్ముకునే మనిషి, మనవరాల్ని బస్తా మీద కూర్చోబెట్టింది. జీవరత్నం పరుగున వెళ్ళి ఆ పిల్లని ఎత్తుకుని కిందికి దించింది. నోరు విప్పితే ఈ ఇంట్లో ఎలా ఉండాలి? విప్పకపోతే ఈ పిల్ల మొహం ఎలా చూడాలి?

ఆఫీసరు రామకోటేశ్వరరావుగారు బస్తాలో గుచ్చి తీసిన చువ్వ పట్టుకుని చటుక్కున వదిలేసి "భేష్, మంచి వేడి మీదుందయ్యా!" అన్నారు. సొలొమోను పొంగిపోయాడు.

మార్తకి జీపులూ చువ్వలూ పట్టలేదు. తిన్నగా జీవరత్నాన్నే అడిగింది. "అమ్మాయ్, నువ్వు చేసిన ఎరువని ధైర్యంగా వచ్చాను. కొత్తిమీరకి వేసుకోవచ్చా?"

"వెయ్యి, వెయ్యి," అన్నాడు సొలొమోను.

"వద్దు మార్తా," అంది జీవరత్నం.

"ఎవరీవిడ?" అన్నారు ఆఫీసరు.

"మా ఆవిడండీ. దీనికేం తెలీదు. లోపలికి పో!"

"ఒక్క బస్తా విప్పి, అడుగుదాకా చెయ్యి పెట్టి చూడండి బాబుగారూ," అంది. "మీరు పంపిన కాగితంలో నాలుగో పేజీలో ఉంది. చల్లారితేనే పంచమని."

జీపు డ్రైవరు బస్తా కోసి బోర్లించాడు. ఆఫీసరుగారు రెండడుగులు వెనక్కి వేసి జేబురుమాలు తీశారు. మార్త మనవరాల్ని గుండెలకి అదుముకుంది. సొలొమోను మొహం పాలిపోయింది. ఆ మొహం చూస్తే జీవరత్నానికి జాలేసింది, అయినా ఈసారి జాలి పార దాకా పోలేదు.

"మరిప్పుడేం చెయ్యాలమ్మా?" ఆఫీసరుగారి గొంతు మారింది.

"బస్తాలన్నీ విప్పి మళ్ళీ కుప్ప పొయ్యాలండీ. తాటాకు కప్పి మూడు నెలలు తిరగెయ్యాలి. అప్పుడు కూడా వరిచేలకే. పచ్చిగా తినేవాటికి వద్దు."

"మూడు నెలలా? ఎవరు చేస్తారయ్యా సొలొమోనూ?"

గండం గడిచినంత సంబరంగా సొలొమోను ఊపిరి పీల్చుకున్నాడు. "మా ఆవిడుంది కదండీ. దానికి అలవాటే."

జీవరత్నం గోడకి ఆనించిన పార తీసుకుంది. నడిచొచ్చి మొగుడి ముందు నిలబెట్టి, ఆయన చెయ్యి అందుకునేదాకా పట్టుకునే ఉంది.

"ఈసారి ఈయన తిరగేస్తారండీ," అంది ఆఫీసరుగారితో. "ఎప్పుడు ఆపాలో నేను చెబుతాను."