పేరు పేరునా

"ఈ ఇంటి బిడ్డలను నీ చేతికి అప్పగిస్తున్నాను తండ్రీ," అంటూ సువార్తమ్మ ఆగింది. ఆమె ఎడమచెయ్యి చంటిదాని నెత్తిమీద ఉంది. ఆపరేషన్ అయ్యాక కుడిచెయ్యి సరిగా లేవక దీవెనలన్నీ ఎడమచేత్తోనే నడుస్తున్నాయి. చంటిదాని పేరు మాత్రం నోటికి రాలేదు. వాకిట్లో అందరూ కళ్ళు మూసుకుని ఆ పేరు కోసం ఎదురుచూశారు. చివరికి "ఈ బిడ్డను" అని గొణిగి, ఆమేన్ అనేసి బయటపడింది.

కైకలూరు దగ్గరి ఆ పేటలో సువార్తమ్మ బైబిల్ స్త్రీ. ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి ప్రార్థన చేయడం ఆమె పని. అత్తగారి నుంచి వచ్చిన పని అది. వాక్యం ఎవరైనా చదువుతారు, ఆమె గొప్పంతా పేర్లలో ఉండేది. ఇంటి ముసలయ్యతో మొదలుపెట్టి, మంచులో చేపలు సర్దే కోడలు, తాడేపల్లిగూడెంలో చదివే మనవరాలు, ఆఖరికి చూడిగేదె దాకా పూసగుచ్చినట్టు దేవుడికి విన్నవించేది. "మన పేటలో ఎవరెవరున్నారో దేవుడికి తెలిసింది బైబిలమ్మగారి వల్లే" అని జనం నవ్వేవారు. ఎంత మంచి రోజులవి! కొల్లేరు పొంగి పేట చుట్టూ నీళ్ళు చేరిన ఏడు, దోనెలో గుమ్మం గుమ్మానికీ వెళ్ళి, దిగకుండానే ప్రార్థన చేసి వచ్చింది. గట్లమీద ఒంటరిగా నడిచేటప్పుడు ఆ పేర్లనే పాటలా పాడుకునేది.

రొమ్ములో గడ్డ తీసేశారు. కీమో అయిపోయింది. రాలిన జుట్టు ఉంగరాలు తిరిగి మళ్ళీ వచ్చింది. మతి మాత్రం వెనకటిలా రాలేదు. "కీమో మందులకి కొందరికి ఇలా ధ్యాస నిలవదండీ. చాలామందికి మెల్లగా సర్దుకుంటుంది, భయపడకండి," అంది ఏలూరు డాక్టరమ్మ. సువార్తమ్మ భయం ప్రాణం గురించి కాదు. ఎసరు పెట్టి బియ్యం పోయడం మరిచిపోతే ఒక పూట పస్తుంటుంది. పేర్లు పోతే తనకిక మిగిలేదేమిటి? కాగితం మీద రాసుకోమని పాస్టరు ప్రసాదరావుగారు సలహా ఇచ్చారు. కళ్ళు మూసుకుని చేసే ప్రార్థనకు కాగితం ఏం సాయం చేస్తుంది, పాపం!

మధ్యాహ్నానికి సువార్తమ్మ మార్తమ్మ ఇంటికి చేరింది. ఇద్దరూ ఒకే ఏడు పేటకు కాపురానికి వచ్చినవాళ్ళు. ఇంట్లో ఒక్కతే ఉన్న మార్తమ్మ చాప పరిచి, తలమీద కొంగు కప్పుకుని కూర్చుంది. ప్రార్థన మొదలుపెట్టగానే సువార్తమ్మకు పేర్లు వాటంతటవే రాసాగాయి. కొడుకు ఎడ్విన్, కోడలు రమ్య, మనవరాలు ఏంజెల్, ఆ పిల్ల పంటినొప్పితో సహా! సంతోషంతో ఆమె గొంతు లేచింది.

"ఈ ఇంటి పెద్ద సీమోనును కాపాడు తండ్రీ. చేపల చెరువు కాపలాకు పోయేవాడు, పురుగూ పుట్రా తాకనీయకు. ఆ దగ్గు తగ్గించు తండ్రీ."

మార్తమ్మ ఆమేన్ అనలేదు. సువార్తమ్మ కళ్ళు తెరిచి గోడమీద సీమోను ఫొటో చూసింది. అతను పోయిన వానాకాలంలోనే చనిపోయాడు. ఆ కబురు ఆసుపత్రి మంచం మీద విని తను ఏడ్చింది కూడా.

"ఎంత పని చేశాను మార్తమ్మా!"

"ఫర్వాలేదండీ వదినగారూ," అంది మార్తమ్మ కళ్ళొత్తుకుంటూ. "ఆయన దగ్గు సంగతి నేనే మర్చిపోయానండి."

"నాకిక చేతకాదు. పాస్టరయ్యగారికి ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను, ఇంకెవరినైనా చూసుకోమని. రేపట్నుంచి రాను." సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

మార్తమ్మకు ఓదార్చడం చేతకాలేదు. ఏం తోచిందో, దగ్గరికి జరిగి ఆమె నెత్తిమీద చెయ్యి పెట్టింది. బుద్ధెరిగాక పైకి ప్రార్థన చేసిన మనిషి కాదు. దేవుణ్ణయినా సరే, నువ్వు అనడానికి ఆమెకు మొహమాటం.

"ఏవండీ, ప్రభువుగారూ," అంది. "ఈవిడ సువార్తమ్మగారండీ. మా అందరి పేర్లూ మీకు చెప్పేది ఈవిడేనండీ. ఈవిడ పేరే మీకెవరూ చెప్పినట్టు లేదండీ. కాస్త చూసుకోండి."

సువార్తమ్మకు ఏడుపులో నవ్వొచ్చింది. నిజమే. జబ్బు చేసినప్పుడు సంఘమంతా మోకరించింది కానీ, అందరూ బైబిలమ్మగారు అనే అన్నారు. తన పేరు తన చెవులతో విని ఎన్నాళ్ళయిందో! ఈసారి ఆమేన్ ఆమే అంది.

మార్తమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, వస్తానని చెప్పకుండానే మెట్లు దిగింది. పొద్దుటి వానకు గట్టు నానివుంది. పాదాల కింద తడిమట్టి చల్లగా తగులుతుంటే, చిన్నప్పుడు అమ్మ వెంట కొల్లేటి ఒడ్డున నత్తగుల్లలు ఏరిన రోజులు గుర్తొచ్చాయి. ఇప్పుడెందుకు గుర్తొచ్చాయో ఆలోచించలేదు. చెరువుల మధ్య నుంచి చర్చి వైపు మెల్లగా వెళ్ళిపోయింది.

చాప చుట్టబెట్టి మార్తమ్మ గుమ్మంలోకి వచ్చేసరికి గట్టుమీద ఎవరూ లేరు. మెట్టు పక్కన, మడమ దగ్గర అరిగిపోయిన నీలం హవాయి చెప్పులు, ఇప్పుడే ఎవరో లోపలికి వచ్చినట్టు, ఇంటికేసి తిరిగి ఉన్నాయి.