ప్లేటు అడుగున

"దాని మీద కోస్తావేంటమ్మాయ్, మావాడి ఫోటో ఉంది" అంటూ అత్తగారు బీన్స్ ముక్కల కిందినుంచి పేపరు లాక్కుంది. ముక్కలు సగం నేలపాలయ్యాయి. ఏరుకునే పని ఎలాగూ కోడలిదే కాబట్టి ఆమె వంగి ఏరుకుంది. వంగినప్పుడే అత్తగారి చేతిలో వేలాడుతున్న పేపర్లో మొగుడు కనిపించాడు.

'మొండి పుండ్లకు మందు దొరికింది' అని పెద్ద అక్షరాలు. కింద తెల్లకోటు వేసుకుని, గాజు ప్లేటును వెలుతురుకి ఎత్తిపట్టుకుని ఆయన. వార్త చివర్లో ఆమె గురించి కూడా ఒక ముక్క పడేశారు. 'అదే ల్యాబులో పనిచేసే భార్య వేళకు టీ అందిస్తూ ఆయన పరిశోధనకు అండగా నిలిచారు.'

మట్టిలోంచి ఆ మందునిచ్చే సూక్ష్మజీవిని ఏరింది ఆమె. పెంచింది ఆమె. అది వదిలే రసం పుండులోని క్రిమిని చంపుతుందని కనిపెట్టింది ఆమె. ఆయన డిపార్ట్‌మెంటుకి హెడ్డు. ల్యాబు బల్ల దగ్గర నిలబడి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. ఎక్కడ మాట్లాడాలన్నా ముందురోజు సాయంత్రం ఆయన మంచం మీద వాలేవాడు, ఆమె ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ పాఠం చెప్పేది. పొద్దున్నే ఆ చొక్కాతో పాటు ఆ పాఠమూ వేసుకుని వెళ్ళేవాడు. "పేపరుకి ఒక ముఖం కావాలోయ్. ఎవరి ముఖమైతేనేం, పేరొచ్చేది మనింటికే కదా" అని నవ్వేవాడు. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా పెద్దలు.

ఫోటోలోని ప్లేటును మళ్ళీ చూసి ఆమె ఫక్కున నవ్వింది. అది మందు వేయని ప్లేటు. పోల్చి చూడ్డానికి పక్కన ఉంచేది. అందులో క్రిమి నిండా పరుచుకుని బంగారు రంగులో నిగనిగలాడుతుంది. మందు వేసిన ప్లేటు బోసిగా ఉంటుంది. ఆ బోసితనమే ఆమె ఇన్నేళ్ళ కష్టం. 'ఇందులో ఏమీ లేదు సార్, ఆ మెరిసేది పట్టుకోండి' అని ఫోటోగ్రాఫరు అని ఉంటాడు. ఈ మహానుభావుడు పట్టుకుని ఉంటాడు. పెళ్ళాం కష్టాన్ని పక్కన పెట్టి, క్రిమిని ముద్దుగా ఎత్తుకుని ఊరందరికీ చూపించాడు.

ఆ నవ్వు మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. పక్కింటావిడ చిన్న సీసా పట్టుకుని వచ్చింది. "మా నాన్నకి కాలు తీసేయాలంటున్నారు వదినా. ఆ మందు కాస్త ఇప్పించవూ?" అది ఇంకా ప్లేటు దాటలేదనీ, ఎలుకల మీద కూడా చూడలేదనీ ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. "పేపర్లో వేశారుగా. మనవాళ్ళకి కూడా ఇవ్వకూడదా?" అని ఖాళీ సీసాతో వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆ సంగతి చెబితే మొగుడు విసుక్కున్నాడు. "అన్నీ విడమర్చి చెబితే వార్త ఎవడు వేస్తాడు? ఎల్లుండి ప్రెస్ మీట్ ఉంది. కొత్త ల్యాబు ఎవరి చేతికిచ్చేదీ డైరెక్టర్ గారు అక్కడే చెబుతారు. ఆ ప్లేట్లు రెండూ తెచ్చిపెట్టు. ఏది ఏదో రాసిపెట్టడం మర్చిపోకు."

ఆ కొత్త ల్యాబు కోసం ప్రతిపాదన రాసింది కూడా ఆమే. ఆమెకి ఒళ్ళంతా మండింది. అయినా ప్లేట్లు తీసింది, ఎప్పుడూ రాసేచోటే రాసింది. మూతలు ఒకదానిది ఇంకోదానికి మారిపోతాయని ల్యాబులో ఎవరైనా ప్లేటు అడుగునే రాస్తారు. నిన్నగాక మొన్న చేరిన పిల్లకైనా ఆ సంగతి తెలుసు. ప్రెస్ మీట్‌కి ముందురోజు సాయంత్రం ఆయన "రా, కాస్త చెప్పు" అని మంచం మీద వాలాడు. "తలనొప్పిగా ఉందండీ" అని ఆమె అటు తిరిగి పడుకుంది.

ప్రెస్ మీట్‌లో ఆమెకి టీ ఫ్లాస్కుల పక్కన కుర్చీ వేశారు. "మందు వేసింది ఏది సార్?" అని ఒక విలేకరి అడిగింది. ఆయన ఒక మూత చూశాడు, రెండోది చూశాడు. రెండూ ఖాళీ. అలవాటు కొద్దీ ఆమె వైపు చూశాడు. ఆమె ఒలకకుండా కప్పులోకి టీ పోసుకుంటోంది.

"ఇదిగో" అని ఆయన బంగారు రంగుది ఎత్తాడు. "చూడండి, మందు ఎంత చక్కగా పరుచుకుందో."

కెమెరాలు మెరిశాయి. డైరెక్టర్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "అది క్రిమి కదయ్యా" అన్నారు మెల్లగా. మైకులు ఆ మాటని హాలంతా వినిపించాయి.

ఆయన ప్లేటు గబుక్కున దించాడు. "మా ఆవిడ ఏది ఏదో రాయలేదు సార్. నేను చెప్పాను కూడా."

ఆమె కప్పు కింద పెట్టి లేచింది. "రాశానండీ. అడుగున రాశాను. పని చేసేవాళ్ళు అక్కడే చూస్తారు."

విలేకరి ప్లేటు తిప్పి 'మందు వేయనిది' అని పైకి చదివింది. కింద రెండు పొడి అక్షరాలు. డైరెక్టర్ గారు రెండోది తిప్పారు. అదే చేతిరాత, అవే అక్షరాలు.

"ఎవరివివి?"

"టీ అందించే ఆవిడవి" అంది ఆమె.

తర్వాత మైకు ఆమె చేతికొచ్చింది. ఇది ఇంకా మందు కాదని, దీన్ని నమ్ముకుని ఎవరూ వైద్యం మానొద్దని చెప్పింది. మొగుడు తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. జాలి కలిగిందా అంటే లేదు. పంచదార వేయని ఆ టీ ఆమెకి తియ్యగా అనిపించింది.

మర్నాడు పేపర్లో 'భర్త పరువు తీసిన భార్య' అని వేశారు. మందు గురించి ఒక్క ముక్క లేదు. ఆమె ఆ పేపరు ఆయన ముందు పరిచి, ఫోటో మీద బీన్స్ పోసి, కత్తి పెట్టింది. ఈసారి అత్తగారు పేపరు లాక్కోలేదు.

"కొత్త ల్యాబు తాళాలు తీసుకోవాలి, నాకు టైమవుతోంది. కోసిపెట్టండి."

ఆయన ఒక బీన్స్ కాయ పట్టుకుని, నిన్న హాల్లో చూసినట్టే ఆమె వైపు చూశాడు. "ఎలా కొయ్యాలి?"

ఆమె చెప్పులు వేసుకుని, తలుపు దగ్గరికి లాగి వెళ్ళిపోయింది.