మందునీళ్ల తొట్టి

పందులన్నీ జబ్బుతో చచ్చి గోతిలోకి వెళ్లిపోయినా బూట్లు కడిగే పని మాత్రం ఆమెకు తప్పలేదు. భర్త వాటిని విప్పి గడప దగ్గర పడేస్తాడు. ఆమె కుళాయి కింద పెట్టి, పుల్లతో అడుగు గాడుల్లో మట్టి తీస్తుంది. తీస్తున్నంతసేపూ వెనక నుంచి అత్త గొంతు.

"దీని చెయ్యి మంచిది కాదని మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నా. వంటింట్లో మిగిలిన మాంసం ముక్కలు కుడితిలో కలిపింది. జబ్బు రాక ఏమొస్తుంది?"

ఆమె కలపలేదు. వడగట్టి, మరగబెట్టి మరీ పోసేది. ఆ మాట చెప్పింది కూడా. ఎవరికి పట్టింది? భర్త వీధి మొగలో నిలబడి నలుగురికీ అదే చెప్పాడు. "ఎంగిలంతా తీసుకెళ్లి వాటి మొహాన కొట్టింది. ఆడవాళ్లకి ఎంత చెప్పినా అంతే." ఆ మర్నాటి నుంచి పొరుగింటావిడ ఈమెను చూస్తే చాలు, కోళ్లను లోపలికి తోలుకుంటోంది.

పెళ్లైన నాటి నుంచీ ఆ షెడ్డులో పెంట ఎత్తింది ఆమె. ఈనే పంది పక్కన గడ్డిలో పడుకుంది ఆమె. అడ్డం తిరిగిన పిల్లను మోచేతి దాకా చెయ్యి పెట్టి బయటికి తీసింది ఆమె. జనాభా లెక్కలవాడు వచ్చి "మీ ఆవిడ ఏం చేస్తారు?" అని అడిగితే భర్త నవ్వాడు. "ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది." బతికున్నంతకాలం అవి ఆయన పందులు. చచ్చిన రోజు నుంచి ఆమెవి.

ఇంతలో పశువుల డాక్టరమ్మ వచ్చి వసారాలో కూర్చుంది. చచ్చిన పందుల నుంచి నమూనాలు తీసుకెళ్లింది ఆవిడే.

"వైరస్‌కీ జన్యువులుంటాయి. వాటిని చదివితే దాని చుట్టాలెవరో తెలిసిపోతుంది," అంది భర్తతో. "మీరు కొనే మార్కెట్ మాంసంలో దొరికింది వేరే రకం. మీ షెడ్డులోది దానికి ఏమీ కాదు. మీ మేనమామగారి ఫారంలో ముందుగా చచ్చిన పందుల్లోదీ ఇదీ మాత్రం అచ్చంగా ఒకటే. అక్కడి నుంచి ఇక్కడికి ఎవరొచ్చారు?"

భర్త పైకప్పు కేసి చూశాడు. డాక్టరమ్మ రెట్టించి అడిగాక ఒప్పుకున్నాడు.

మామయ్యను ఊరికే చూసొస్తానని వెళ్లిన మనిషి, గుట్టుగా పందుల్ని పూడ్చడానికి సాయం పట్టి వచ్చాడని ఆమెకు ఇప్పుడు తెలిసింది. ఆ రోజు ఆ బూట్లతోనే నేరుగా షెడ్డుకు నడిచాడు. గుమ్మంలో మందునీళ్ల తొట్టి ఉంది. నింపింది ఆమే. "కాళ్లు ముంచి వెళ్లండి," అంది. "నా షెడ్డులోకి నేను పోవడానికి నీ అనుమతి కావాలా?" అంటూ తొట్టి దాటేశాడు.

అత్తే ముందు తేరుకుంది. "పోనీలెండమ్మా. మగాడన్నాక నాలుగు చోట్లకీ తిరుగుతాడు. కావాలని తెచ్చాడా? మా రాత అలా ఉంది."

ఆమె చేస్తే పాపం. ఆయన చేస్తే రాత.

షెడ్డంతా మందుతో కడిగి ఆరబెట్టాలని, తాను చూసి సరేనంటేనే కొత్త పంది పిల్లల్ని దించాలని చెప్పి డాక్టరమ్మ వెళ్లిపోయింది.

"విన్నావుగా. పొద్దున్నే కడుగు. పిల్లల్ని పంపమని చెప్పేశాను," అన్నాడు భర్త.

"కడుగుతా. ముందు మీరు వీధి మొగకి వెళ్లి రండి," అంది ఆమె, కుళాయి కింద బూటు కడుగుతూ.

"ఎందుకే?"

"నా చెయ్యి కాదు, మీ కాలు అని చెప్పడానికి. అప్పుడు విన్నవాళ్లందరూ ఇప్పుడూ వినాలి."

"పిచ్చి గానీ పట్టిందా? అయిపోయిన సంగతి."

ఆమె కుళాయి కట్టేసింది. రెండో బూటు మట్టితో అలాగే ఉండిపోయింది.

ఆయన వెళ్లలేదు. ఆమె కడగలేదు. చెప్పిన రోజుకి పిల్లల లారీ వచ్చి గేటు దగ్గర ఆగింది. తనిఖీకి వచ్చిన డాక్టరమ్మ షెడ్డులోకి తొంగి చూసి ముక్కు మూసుకుంది. నేలంతా ఎండిన పెంట.

"వీటిని ఇక్కడ దించడానికి వీల్లేదు," అంది. "అసలు ఈ షెడ్డు పని చూసేదెవరు?"

భర్త, అత్త ఇద్దరూ ఒక్కసారే ఆమె వైపు తిరిగారు.

"నేనేం చేయనండీ," అంది ఆమె. "ఇంట్లోనే ఉంటాను."