రంగు తీసిన నీళ్లు

జాలరిపేటలో చీరలకు, లంగాలకు రంగులు వేసే షెడ్డు నాది. పదహారు రకాల ఎరుపులు నా కంటికి వేరువేరుగా తెలుస్తాయి. గొప్పకే చెబుతున్నాను. ఆ గొప్పే నా కొంప ముంచింది.

షెడ్డు రంగునీళ్లన్నీ వెనక పారే గెడ్డలోకే పోయేవి. పేట ఆడవాళ్లు చేపల తట్టలు కడుక్కునే చోటు అది. తట్టలు ఎర్రబడుతున్నాయని రెండేళ్లుగా అక్కడ ఎవరూ కాలు పెట్టడం లేదు. పేటలో చేపలమ్మే గంగాలమ్మ నాతో నాలుగుసార్లు దెబ్బలాడి, ఐదోసారి కాలుష్యం ఆఫీసులో నా మీద ఫిర్యాదు కాగితం పెట్టింది. సోమవారం పదకొండింటికి ఆఫీసరు వస్తాడు, నీళ్లలో రంగు కనబడితే షెడ్డుకు సీలు వేస్తాడు. ఆ వారమంతా నాకు తిండి సయించలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తోచేది కాదు. గంగాలమ్మ దగ్గు వినబడినా ఒళ్లు మండేది.

కాలేజీ ల్యాబులో పనిచేసే మా తమ్ముడు నవీన్ ఉపాయం చెప్పాడు. పరవాడ నుంచి కరెంటు ప్లాంటు బూడిద, ఉక్కు కొలిమిలో మిగిలే స్లాగు ఆటోలో తెచ్చి డ్రమ్ముల్లో పరిచాడు. ఒట్టి బూడిదతో చేస్తే బురద వచ్చింది. వాణ్ని నోటికొచ్చినట్టు తిట్టాను. స్లాగు కూడా వేశాక, ఆదివారం సాయంత్రం, పైన ఎర్రనీళ్లు పోస్తే కింద కుళాయిలో తేటనీళ్లు దిగాయి. నాకు ఏడుపొచ్చేసింది.

వెళ్తూ వాడు చిన్న కాగితం ముక్కలు కొన్ని చేతిలో పెట్టాడు. స్లాగులోని సున్నం నీళ్లలోకి దిగుతుందట, అది ఎక్కువైతే కాగితం నీలంగా తిరుగుతుందట. నీళ్లలో ముంచిన కాగితం ఆకుపచ్చగా వచ్చేదాకా కాస్త కాస్త యాసిడ్ కలపాలట, అంతదాకా గెడ్డలోకి వదలొద్దన్నాడు. నీళ్ల సంగతి నాకు కాగితం చెప్పాలా అని నవ్వాను. వేలు పెడితే జారుగానే ఉంది. రోజూ రంగులో కలిపే సోడాలో నానే చేతులు నావి, పట్టించుకోలేదు.

సోమవారం పొద్దున పదింటికి, యాసిడ్ కలపకుండానే, కుళాయి తిప్పి నీళ్లు గెడ్డలోకి వదిలేశాను. తట్టలు కడిగే గెడ్డ గుంట తేటగా నిండింది. చూసి కుళ్లుకోవాలని గంగాలమ్మను నేనే పిలిచాను. ఆమె కుళ్లుకోలేదు, నవ్వింది. మోచేతుల దాకా ముంచి తట్ట తోమడం మొదలుపెట్టింది. కాసేపటికి చేతులు బయటికి తీసి చూసుకుంది. కత్తి గాట్లు, చేపముళ్ల గాట్లు అన్నీ పచ్చిపుండ్లయ్యాయి.

"ఏటి కలిపావే రాణీ ఇందులో? సేతులు మండిపోతన్నాయి."

పరుగెత్తి కాగితం తెచ్చి ముంచాను. ముదురు నీలం తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను. కుళాయి కట్టేసి, ఆమెను షెడ్డులోకి లాక్కెళ్లి, చేతుల మీద బిందెలకొద్దీ మంచినీళ్లు పోశాను.

ఈలోగా గెడ్డ బాగుపడిందన్న కబురు పేటంతా పాకింది. తట్టలెత్తుకుని ఆడవాళ్లు దిగుతున్నారు. ముట్టుకోవద్దని అరిచాను. అంత తేటనీళ్లు పెట్టుకుని నా నీళ్లు నాకేనంటావా అని నన్నే ఎగతాళి చేశారు. వాళ్లలో తవిటమ్మ తన చంటిదానికి నీళ్లు పోయాలని గౌను విప్పుతోంది.

పదకొండు కావస్తోంది. సందు మొదట్లో జీపు ఆగింది. లంగాల కోసం కలిపి ఉంచిన ఎర్రరంగు బకెట్టు ఎత్తుకుని పోయి గుంటలో కుమ్మరించాను. గుంటంతా ఎర్రగా తిరిగింది. ఆడవాళ్లు తట్టలు వెనక్కి లాక్కుని, నా ఏడు తరాలనూ తిట్టడం మొదలుపెట్టారు.

ఆఫీసరు గట్టు మీద నిలబడి, ఆ రంగు ఎవరు పోశారని అడిగాడు. నా చేతిలో బకెట్టు ఇంకా కారుతూనే ఉంది.

"నానే పోసాను సార్. తేటగా ఉంటే ఈల్లు దిగిపోతన్నారు, అందులో సున్నం ఉంది. సీలేసుకోండి."

తవిటమ్మ నన్ను తిడుతూనే బిడ్డను చంకనేసుకుని గట్టెక్కింది.